టిక్కు పెట్టిన గడి: బ్యాకప్ సాఫ్ట్‌వేర్ల పోలికకో చరిత్ర

ఏ కంపెనీ అయినా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఒక పట్టిక తయారుచేయిస్తుంది. అడ్డంగా ఐదారు ఉత్పత్తుల పేర్లు, నిలువుగా వాటి గుణగణాలు. గంటకి ఎంత డేటా లాగుతుంది, ఏయే డేటాబేసులు దానికి తెలుసు, క్లౌడ్‌కి పంపుతుందా, లైసెన్సు సర్వర్ల లెక్కనా టెరాబైట్ల లెక్కనా. కింద ఎక్కడో 'రికవరీ' అని ఒక వరస ఉంటుంది. ఆ వరసలో అందరికీ టిక్కే. పోయిన డేటాని తిరిగి తేలేని బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా అమ్ముతారా అని మన నమ్మకం. అందుకే అక్కడ ఎవరూ ఎక్కువసేపు ఆగరు.

ఆ ఒక్క వరస దగ్గరే ఆగి, ఆ టిక్కు నిజమేనా అని అడిగినవాళ్ళు తక్కువ. వాళ్ళలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి ఎలిజబెత్ జ్వికీ. 1991లో ఆవిడ ఎస్ఆర్ఐ ఇంటర్నేషనల్ అనే అమెరికన్ పరిశోధనా సంస్థలో పనిచేసేవారు. యూనిక్స్ లోకంలో అప్పటికే టార్, సీపీఐఓ, డంప్ లాంటి ప్రోగ్రాములు బోలెడు ఉన్నాయి. ఏది మంచిదంటే ఎవరి అనుభవం వాళ్ళు చెప్పేవారు. ఫలానాది పొడుగు పేర్లున్న ఫైళ్ళని మింగేస్తుందట, ఫలానాది లింకుల్ని పాడుచేస్తుందట అని వినికిడి కబుర్లే తప్ప కూర్చుని పరీక్షించినవాళ్ళు లేరు. ఆ ఏడాది సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ల వార్షిక సమావేశం లీసాలో జ్వికీ ఒక పత్రం చదివారు. బ్యాకప్ ప్రోగ్రాముల్ని చిత్రహింసలు పెట్టి పరీక్షించడం దాని విషయం. పేరులోనే ఆ మాట ఉంటుంది.

చిత్రహింస అంటే ఏం చేశారు? మామూలు మనిషి సృష్టించని, కానీ నిజం కంప్యూటర్లలో ఎలాగోలా పుట్టుకొచ్చే వికారపు ఫైళ్ళన్నిటినీ పోగేశారు. పేరులో ఎక్కడా ఉండకూడని అక్షరాలున్నవి. ఫోల్డరులో ఫోల్డరుగా లోతుకి పోయి, దారి పేరు చాంతాడంత అయినవి. చదవడానికి అనుమతి లేనివి. బ్యాకప్ నడుస్తూండగానే పెరిగిపోయేవి, తరిగిపోయేవి, మాయమైపోయేవి. వీటికి తోడు 'కన్నాలున్న' ఫైళ్ళు. ఇవి కొంచెం విచిత్రమైనవి. ఒక ఫైలు నా సైజు వంద మెగాబైట్లు అని చెప్పుకుంటుంది. నిజానికి దానిలో రాసింది మొదట్లో ఒక ముక్క, చివర్లో ఒక ముక్క, మధ్యదంతా ఖాళీ. డిస్కు ఆ ఖాళీకి చోటు కేటాయించదు. తెలియని బ్యాకప్ ప్రోగ్రాం మాత్రం ఆ ఖాళీ అంతా సున్నాలనుకుని రాసుకుంటుంది. తిరిగి తెచ్చే రోజున వంద మెగాబైట్ల సున్నాలు దించబోతుంది. ఏ డిస్కు మీంచి తీసిందో ఆ డిస్కు మీదే అది పట్టకపోవచ్చు.

ఫలితాలు ఘోరం. దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఎక్కడో ఒకచోట కుప్పకూలింది. కూలినవాటిని ఒక విధంగా మెచ్చుకోవాలి, కనీసం తెలుస్తుంది. నోరు మెదపకుండా ఫైళ్ళు వదిలేసి, పని అయిపోయిందని చెప్పేవాటితోనే ప్రమాదం. ప్రోగ్రాముతో వచ్చే మాన్యువల్‌లో ఒప్పుకున్న లోపాలు వేరు, పరీక్షలో బయటపడ్డ లోపాలు వేరు. అన్నిటికంటే చాలా మెరుగ్గా నిలబడింది డంప్.

డంప్ ఎందుకు గెలిచిందో చెప్పాలంటే అది ఎలాంటి కాలంలో పుట్టిందో కొంచెం వెనక్కి వెళ్ళి చూడాలి. ఐబీఎం తన 726 టేపు డ్రైవుని 1952లో ప్రకటించింది. ఒక రీలు మీద సుమారు రెండు మెగాబైట్లు పట్టేవి. అప్పటి వ్యాపారాల లెక్కలు అచ్చంగా టేపుల మీదే నడిచేవి: నిన్నటి ఖాతాల టేపు ఒకటి, ఇవాళ జరిగిన లావాదేవీల టేపు ఒకటి, రెండూ చదివి కొత్త ఖాతాల టేపు ఇంకొకటి రాసేవారు. పాత టేపు ఎటూ పోదు, అలాగే ఉంటుంది. కొత్తది పాడైతే పాతదీ లావాదేవీలదీ పెట్టి మళ్ళీ రాసుకోవచ్చు. వాళ్ళు వీటిని తాత, తండ్రి, కొడుకు అనేవారు. అంటే అప్పట్లో బ్యాకప్ అని విడిగా ఒక పనే లేదు. పని చేసే పద్ధతిలోనే అది కలిసి ఉంది.

దాన్ని చెడగొట్టింది డిస్కు. 1956లో ఐబీఎం రామాక్‌తో డిస్కు వ్యాపారాల్లోకి వచ్చింది. టేపులాగా మొదటినుంచి చివరిదాకా చదవనక్కర్లేదు, కావలసిన ఖాతా దగ్గరికి నేరుగా వెళ్ళి అక్కడే దిద్దెయ్యవచ్చు. ఎంతో సదుపాయం. అయితే అక్కడే దిద్దితే పాత అంకె పోతుంది. తాతా లేడు, తండ్రీ లేడు. అప్పటినుంచీ నకలు తీసి పక్కన పెట్టడం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకుని చెయ్యాల్సిన అదనపు చాకిరీ అయింది. మనుషులు అదనపు చాకిరీని ఎలా చేస్తారో తెలిసిందే.

బెల్ ల్యాబ్స్ యూనిక్స్‌లో డంప్ 1975 నాటి ఆరో ఎడిషన్‌లో కనిపిస్తుంది. దానికి మెట్లుంటాయి, సున్నా నుంచి తొమ్మిది దాకా. సున్నా అంటే మొత్తం. మిగతా ఏ అంకె అయినా, తనకంటే చిన్న అంకెతో చివరిసారి తీసినప్పటినుంచీ మారినవి మాత్రమే తీస్తుంది. రోజూ ఏ అంకె వాడాలో సూచిస్తూ దాని మాన్యువల్‌లో ఒక వరస ఉంటుంది: 3, 2, 5, 4, 7, 6, 9, 8, 9, 9. హనోయ్ టవర్ల లెక్క నుంచి మార్చుకున్నామని చెప్పుకున్నారు. చూడ్డానికి ఏదో మంత్రంలా ఉంటుంది కానీ కాగితం మీద వేసి చూస్తే అందం తెలుస్తుంది. మొదటిరోజు 3, రెండోరోజు 2. రెండు మూడుకంటే చిన్నది కాబట్టి రెండోరోజు టేపులో మొదటిరోజు మార్పులు కూడా మళ్ళీ వస్తాయి. నాలుగోరోజు టేపులో మూడోరోజువి కూడా ఉంటాయి. నాలుగోరోజు తర్వాత డిస్కు పోతే సున్నా, రెండు, నాలుగు అంకెల టేపులు మూడు చాలు. పైగా మొదటిరోజు మారిన ఫైలు రెండు టేపుల మీద ఉంది కాబట్టి ఒక టేపు చెడినా ఇంకోటి ఆదుకుంటుంది. ఈ వరస కట్టినవాళ్ళు డిస్కు పోయిన రోజుని ముందు ఊహించుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్క వేసుకున్నారు. తర్వాతి కథలో ఇది అరుదైపోతుంది.

డంప్ జ్వికీ పరీక్షలో నెగ్గడానికి ఇంకో కారణం, అది ఫైళ్ళని మామూలు దారిలో తెరిచి చదవదు. తిన్నగా డిస్కు మీదికి వెళ్ళి అక్కడున్నది ఉన్నట్టు చదువుకుంటుంది. కన్నాలు కన్నాలుగానే కనిపిస్తాయి, పేరు ఎంత వికారంగా ఉన్నా దానికి పట్టదు. సరిగ్గా ఈ గుణమే పదేళ్ళ తర్వాత దాని కొంప ముంచింది. 2001లో లినక్స్ కొత్త కెర్నెల్ 2.4 మెమరీని వాడే తీరు మారింది. ఫైలులో రాసింది ఇంకా మెమరీలోనే ఉండగా, తిన్నగా డిస్కుని చదివేవాడికి పాత సంగతే కనిపించవచ్చు. లినస్ టోర్వాల్డ్స్ మొహమాటం ఎరగడు కదా, డంప్ మొదటినుంచీ తెలివితక్కువ ప్రోగ్రామేననీ దాన్ని వదిలెయ్యమనీ కెర్నెల్ మెయిలింగ్ లిస్టులో రాసేశాడు. ప్రోగ్రాం అదే, చేసే పని అదే. కిందనున్న నేల కదిలింది. జ్వికీ 2003లో మళ్ళీ కూర్చుని కొత్త పరీక్షలు తయారుచేసి నడిపారు. ప్రోగ్రాములు బాగా మెరుగుపడ్డాయనీ, మాన్యువల్‌లో చెప్పని వైఫల్యాలు ఇంకా మామూలేననీ తేల్చారు. పన్నెండేళ్ళ తర్వాత తన పోలికని తానే తిరగరాసుకున్న ఆ పని మీద నాకు గౌరవం.

టార్, డంప్ లాంటివి ఒక యంత్రానికి ఒక టేపు ఉన్న రోజులకి సరిపోయేవి. తొంభైలలో కంపెనీలకి వచ్చిపడ్డ సమస్య వేరు. రెండొందల సర్వర్లు, ఒకే నెట్‌వర్కు, నాలుగు టేపు డ్రైవులు, ఒక్క రాత్రి. రాత్రి పదికి మొదలుపెట్టి తెల్లవారి ఆరు లోపల అయిపోవాలి. ఈ సందుని బ్యాకప్ విండో అంటారు. ఈ సందులో దూరడానికే నాలుగు సాఫ్ట్‌వేర్లు నాలుగు రకాలుగా తయారయ్యాయి. నెట్‌బ్యాకప్ మూలాలు 1987లో క్రైస్లర్ కార్ల కంపెనీ కోసం కంట్రోల్ డేటా మొదలుపెట్టిన పనిలో ఉన్నాయి. నెట్‌వర్కర్‌ని తెచ్చిన లెగాటోని సన్ మైక్రోసిస్టమ్స్ నుంచి బయటికొచ్చిన నలుగురు 1988లో పెట్టారు. ఐబీఎం ఏడీఎస్ఎం 1993లో వచ్చింది. తర్వాత టివోలీ స్టోరేజ్ మేనేజర్, ఆ తర్వాత స్పెక్ట్రమ్ ప్రొటెక్ట్, ఇప్పుడు స్టోరేజ్ ప్రొటెక్ట్ అని పేర్లు మార్చుకుంటూ వస్తోంది. నాలుగోది మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ద సిల్వా రాసిన అమాండా. అది ఉచితం.

వీటిలో ఏది గొప్ప అని అప్పట్లో తెగ వాదించుకునేవారు. నన్నడిగితే వాటి మధ్య అసలు తేడా ఒక్కటే: కష్టాన్ని బ్యాకప్ రాత్రి పడాలా, తిరిగి తెచ్చుకునే రోజుకి అట్టేపెట్టుకోవాలా?

నెట్‌బ్యాకప్, నెట్‌వర్కర్ల సంగతి చూడండి. టేపు డ్రైవు ఒక వేగంతో ఆగకుండా తిరగాలి. డేటా నెమ్మదిగా వస్తే టేపు ఆగి, వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకు పరిగెత్తాలి. బూటు పాలిష్ చేసేవాడి గుడ్డలాగా అటూ ఇటూ ఆడుతుంది. అడ్మిన్లు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు కూడా. దీనికి విరుగుడుగా పది యంత్రాల డేటాని ఒకేసారి తెప్పించి, ముక్కలు ముక్కలుగా కలగలిపి ఒకే టేపు మీద రాస్తారు. టేపు హాయిగా తిరుగుతుంది, రాత్రి పని ఆరింటికల్లా అయిపోతుంది. పట్టికలో వేగం గడి కళకళలాడుతుంది. ఆ పదిలో ఒక్క యంత్రాన్ని తిరిగి తేవలసి వచ్చినప్పుడు మాత్రం మిగతా తొమ్మిదింటి ముక్కల్ని కూడా చదువుతూ, పారేసుకుంటూ పోవాలి.

ఏడీఎస్ఎం ఇంకా తెలివైంది. ఒకసారి మొత్తం తీశాక మళ్ళీ జన్మలో మొత్తం తియ్యదు. ప్రతి రాత్రీ మారిన ఫైళ్ళు మాత్రమే. ఏ ఫైలు ఏ టేపులో ఎక్కడుందో తన డేటాబేసులో రాసుకుంటుంది. నెట్‌వర్కు మీద భారం అన్నిటికంటే తక్కువ. రెండేళ్ళు గడిచాక ఒక సర్వర్ పోయిందనుకోండి, దాని ఫైళ్ళు డజన్లకొద్దీ టేపుల మీద చెల్లాచెదురుగా ఉంటాయి. రోబో చెయ్యి ఒక్కో టేపునీ తీసి పెట్టి తీసి పెట్టి చదవాలి. ఒక యంత్రం ఫైళ్ళన్నీ ఒకచోటికి చేర్చే వీలుంది కానీ దానికి టేపులు ఎక్కువ ఖర్చవుతాయి కాబట్టి డబ్బు లెక్క చూసేవాళ్ళకి రుచించదు. పైగా ఆ డేటాబేసు పోతే టేపులన్నీ భద్రంగా ఉన్నా దేనిలో ఏముందో చెప్పే దిక్కుండదు. అందుకని డేటాబేసుకి బ్యాకప్ వేరే తియ్యాలి.

అమాండాకి ఈ హంగులేవీ లేవు. యంత్రాల్లో ఉన్న డంప్‌నీ టార్‌నీ పిలిచి పని చేయించి, వచ్చినదాన్ని ముందు ఒక డిస్కు మీద పోగేసి, తర్వాత టేపు మీదికి వరసగా దించేది. దానిలో నాకు నచ్చిన విషయం చాలా చిన్నది. టేపు మీద ప్రతి నకలుకీ ముందు 32 కిలోబైట్ల తలకట్టు ఒకటి ఉంటుంది. దానిలో మామూలు అక్షరాలతో, ఇది ఫలానా యంత్రం తాలూకు ఫలానా తేదీ నకలు, దీన్ని తిరిగి తేవాలంటే ఈ కమాండ్ నడపండి అని రాసి ఉంటుంది. అమాండా లేకపోయినా, అమాండా ఎవరో తెలియకపోయినా, యూనిక్స్ తెలిసిన ఎవరైనా ఆ టేపు నుంచి డేటా తీసుకోవచ్చు. ఏ పోలిక పట్టికలోనూ ఈ గుణానికి ఒక గడి నేను చూడలేదు. అలాగని ఐదొందల సర్వర్లూ, ఆరాకిల్ డేటాబేసులూ ఉన్న బ్యాంకుకి అమాండాని సిఫారసు చేస్తానా అంటే చెయ్యను. నడుస్తున్న డేటాబేసుని ఆపకుండా నకలు తియ్యడం వేరే విద్య. ఆరాకిల్ తన సొంత పనిముట్టు ఆర్‌మ్యాన్‌ని 1997లో ఎనిమిదో వెర్షన్‌తో ఇచ్చింది. దానితో మాట్లాడే ముక్కల్ని పెద్ద సాఫ్ట్‌వేర్లన్నీ విడిగా, విడి ధరకి అమ్ముకున్నాయి.

ఈ కథలోకి మనవాళ్ళు వచ్చేది సరిగ్గా ఇక్కడే. పెద్ద కంపెనీల బ్యాకప్పుల్ని కనిపెట్టుకుని ఉండే పని రెండువేల తర్వాత హైదరాబాదు, బెంగళూరు లాంటి ఊళ్ళకి వచ్చింది. న్యూయార్కులో చలికాలపు అర్ధరాత్రి మనకి పొద్దున్న పదిన్నర. వాళ్ళ బ్యాకప్ విండో మన ఆఫీసు వేళ. అమీర్‌పేటలో జావా, ఆరాకిల్, శాప్ బోర్డుల మధ్య నెట్‌బ్యాకప్ నేర్పే చోట్లు కూడా వెలిశాయి. నెట్‌బ్యాకప్‌లో ప్రతి పనీ చివర్లో ఒక అంకె చెబుతుంది. 0 అంటే విజయం. 58 అంటే అవతలి యంత్రం పలకలేదు. 84 అంటే టేపు మీద రాయడం కుదరలేదు. 196 అంటే వంతు వచ్చేలోపే విండో మూసుకుపోయింది. ఇంటర్వ్యూకి పోయేవాళ్ళు వీటిని ఎక్కాల్లా వల్లె వేసేవారు. 1 అని ఒకటుంది, అది మాత్రం గడుసుది. దాని అర్థం పని కొంతవరకు అయింది అని. ఎంతవరకు? ఏ ఫైళ్ళు తప్పాయి? అది లాగ్ తెరిచి చదివితే తప్ప తెలియదు. రోజూ క్లయింటుకి పంపే నివేదికలో కావలసింది విజయ శాతం. కాబట్టి 0నీ 1నీ కలిపి విజయాల్లో వేసుకోవడం చాలాచోట్ల అలవాటు. నివేదికలో 98 శాతం అని పచ్చరంగులో కనిపిస్తుంది. రిస్టోర్‌కి అలాంటి రోజువారీ శాతం ఉండదు, ఎవరైనా అడిగితేనే చేస్తారు కాబట్టి. ఈ ఉద్యోగం చేసి ఎదిగినవాళ్ళు వేలమంది ఉంటారు. వాళ్ళ పని తీరుకి కొలబద్దగా దొరికింది ఆ పచ్చరంగు శాతమే. పట్టికలో టిక్కుకీ, నివేదికలో శాతానికీ పెద్ద తేడా ఏం లేదు.

కొంతవరకు అయింది అనే ఆ స్థితి ఎంత దూరం తీసుకెళ్తుందో 1998లో పిక్సార్ స్టూడియోకి తెలిసింది. టాయ్ స్టోరీ రెండో భాగం తీస్తూండగా ఎవరో పొరపాటున అన్నీ తుడిచేసే కమాండ్ ఒకటి నడిపారు. తెర మీద పాత్రలు ఒక్కొక్కటీ మాయమవుతూంటే యంత్రాన్ని పీకేసే లోపల సినిమాలో చాలాభాగం పోయింది. బ్యాకప్ ఉంది కదా అని తెచ్చుకున్నారు. పని కూడా మళ్ళీ మొదలుపెట్టారు. కొన్ని రోజులకి గానీ తెలియలేదు, తెచ్చుకున్నది అసంపూర్ణమని, బ్యాకప్ కొన్ని వారాలుగా సరిగ్గా నడవడం లేదని. అప్పుడే బిడ్డని కన్న గ్యాలిన్ సస్మన్ అనే టెక్నికల్ డైరెక్టరు ఇంటినుంచి పనిచేస్తున్నారు కాబట్టి ఆవిడ ఇంట్లో కంప్యూటరు మీద సినిమా నకలు ఒకటి ఉంది. దాన్ని దుప్పట్లో చుట్టి కారులో పెట్టుకుని స్టూడియోకి తెచ్చారు.

తర్వాతి పదేళ్ళూ వ్యాపారం టేపు మీద కోపంతో గడిచింది. ఒకేలాంటి ముక్కల్ని ఒక్కసారే దాచి, మిగతాచోట్ల గుర్తు మాత్రం పెట్టుకునే పద్ధతితో డిస్కు చవకైంది. 2001లో మొదలైన డేటా డొమైన్ కంపెనీ టేపుని తిడుతూ కార్లకి అంటించే స్టిక్కర్లు పంచిపెట్టేది. 2009లో నెట్‌యాప్‌తో పోటీపడి ఈఎంసీ దాన్ని 2.1 బిలియన్ డాలర్లకి కొనుక్కుంది. టేపు చచ్చిపోయిందని రాసిన వ్యాసాలకి లెక్కలేదు. ఆ తర్వాత రెండేళ్ళకే, 2011 ఫిబ్రవరి 27న, కొంతమంది జీమెయిల్ తెరిచి చూస్తే పెట్టె ఖాళీ. జీమెయిల్ వాడుకదారుల్లో వాళ్ళు 0.02 శాతం. గూగుల్ ఒక్కో ఉత్తరానికీ ఎన్నో నకళ్ళు, ఎన్నో ఊళ్ళలో పెడుతుంది. అయితే నిల్వ సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన తప్పు ఆ నకళ్ళన్నిటికీ ఒకేసారి తగిలింది. ఆదుకున్నవి టేపులు. నెట్‌వర్కుకి తగలకుండా విడిగా ఉన్నాయి కాబట్టి ఆ తప్పు వాటి దాకా రాలేదు.

ఈ పదేళ్ళలోనే ఒక మంచి పని కూడా జరిగింది. సర్వర్లు ఉత్తుత్తి యంత్రాలైపోయాక, అంటే ఒక పెద్ద యంత్రం లోపల ఫైళ్ళ రూపంలో బతికే వర్చువల్ మెషీన్లయ్యాక, 2006లో మొదలైన వీమ్ అనే కంపెనీ వాటి కోసమే బ్యాకప్ రాసింది. 2010లో వచ్చిన ఐదో వెర్షన్‌లో రెండు కొత్త సంగతులున్నాయి. ఒకటి, పోయిన యంత్రాన్ని పూర్తిగా దించుకునేదాకా ఆగకుండా, బ్యాకప్ ఫైలులోంచే దాన్ని లేపి నడపడం. రెండోది, రాత్రి తీసిన నకలుని ఒక మూసిన గదిలాంటి నెట్‌వర్కులో తనంతట తానే లేపి, అది నిజంగా లేచిందా, లోపలి ప్రోగ్రాములు పలుకుతున్నాయా అని చూసి చెప్పడం. జ్వికీ చేతితో చేసిన పరీక్షకి ఇది దూరపు చుట్టం. ఫైలు ఫైలునీ పోల్చదు, అయినా తిరిగి తెచ్చుకోవడాన్ని రోజువారీ నివేదికలోకి ఎక్కించింది. పోలిక పట్టికలో రికవరీ గడికి మొదటిసారి ఒక అంకె వచ్చిందనుకోవచ్చు. ఈ సదుపాయం కొనుక్కుని వాడకుండా వదిలేసినవాళ్ళూ ఉంటారు, అది వేరే సంగతి.

ఇన్ని వచ్చాక కూడా 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌కి జరిగింది చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. రాత్రి పొద్దుపోయాక ఒక ఇంజినీరు, వెనకబడిపోయిన రెండో డేటాబేసు సర్వర్‌ని బాగుచేద్దామని దాని ఫోల్డరు తుడిచేశాడు. ఒకటి రెండు క్షణాల్లో గుర్తొచ్చింది, తను ఉన్నది మొదటి సర్వర్ మీద. మూడొందల గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నర. బ్యాకప్పుల కోసం చూశారు. రోజూ అమెజాన్‌లోకి వెళ్ళాల్సిన నకలు అక్కడ లేదు. పోస్ట్‌గ్రెస్ 9.6 డేటాబేసుని 9.2 వెర్షన్ పనిముట్టుతో తియ్యబోయి అది ప్రతిరోజూ విఫలమవుతోంది. విఫలమైనట్టు ఈమెయిల్ పంపుతోంది కూడా, అయితే ఆ ఉత్తరాలకి సరైన సంతకం లేక మెయిల్ సర్వర్ వాటిని గుమ్మం దగ్గరే తిప్పికొడుతోంది. అజ్యూర్ డిస్కుల స్నాప్‌షాట్లు డేటాబేసు సర్వర్లకి పెట్టుకోలేదు. రెండో సర్వర్‌ని అప్పుడే తుడిచారు. పట్టిక వేస్తే ఐదు రకాల రక్షణ, ఐదు టిక్కులు.

కాపాడింది యాదృచ్ఛికం. అదే ఇంజినీరు వేరే పరీక్ష కోసం ఆరు గంటల ముందు చేతితో ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టుకున్నాడు. అది ఉన్న యంత్రం డిస్కులు చవకవి, నెమ్మదివి. నకలు వెనక్కి రావడానికి దాదాపు 18 గంటలు పట్టింది. ఆరు గంటల్లో పుట్టిన దాదాపు ఐదువేల ప్రాజెక్టుల వివరాలు, ఐదువేల వ్యాఖ్యలు, ఏడువందల కొత్త ఖాతాలు పోయాయి. గిట్‌ల్యాబ్‌ని మెచ్చుకోవాల్సింది ఒకటుంది: ఆ తంతునంతా యూట్యూబులో ప్రత్యక్షంగా చూపించారు, తర్వాత ఏ అరమరికా లేకుండా రాసి పెట్టారు. అంత వివరంగా రాసినవి ఈ రంగంలో తక్కువ.

అదే ఏడు జూన్ 27న మెర్స్క్ ఓడల కంపెనీకి తగిలిన దెబ్బ ఇంకో రకం. నాట్‌పెట్యా అనే వైరస్ కొన్ని నిమిషాల్లో వాళ్ళ యంత్రాలన్నిటినీ తుడిచేసింది. సర్వర్లకి బ్యాకప్పులున్నాయి. కంపెనీలో ఎవరు ఎవరో, ఎవరికి ఏ అనుమతి ఉందో తెలిసిన డొమైన్ కంట్రోలర్లకి మాత్రం లేవు. నూటయాభై దాకా ఉన్న అవి నిరంతరం ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసుకుంటూంటాయి కాబట్టి ఒకటి పోతే ఇంకోటి ఉంటుందిలే అని ధీమా. అన్నీ ఒక్కసారే పోతాయని ఎవరూ అనుకోలేదు. చివరికి ఘానాలో ఒకటి దొరికింది. వైరస్ వచ్చే వేళకి అక్కడ కరెంటు పోయి అది ఆగి ఉంది. దాన్నుంచి డేటాని నెట్‌వర్కు మీద ఇంగ్లండుకి పంపాలంటే రోజులు పడుతుంది. ఘానా ఆఫీసువాళ్ళకి బ్రిటిష్ వీసాల్లేవు. ఒకాయన డిస్కు పట్టుకుని నైజీరియా దాకా విమానంలో వెళ్ళి అక్కడ ఇంకొకరి చేతికిచ్చాడు. పది రోజుల్లో నాలుగువేల సర్వర్లు, 45 వేల కంప్యూటర్లు మళ్ళీ కట్టుకున్నామని కంపెనీ ఛైర్మన్ తర్వాత దావోస్‌లో చెప్పారు. కరెంటు కోత ఒక కంపెనీని నిలబెట్టిన సందర్భం నాకు ఇంకోటి తెలియదు.

ఆ తర్వాతినుంచి పోలికల పట్టికలో అన్నిటికంటే పైకి ఎక్కిన గడి 'చెరపలేనిది'. డబ్బుకోసం డేటాని బందీ చేసేవాళ్ళు ముందు బ్యాకప్ సర్వర్‌నే వెతుక్కుంటారు, నకలుంటే ఎవరూ డబ్బు కట్టరు కదా. కాబట్టి పెట్టిన గడువు తీరేదాకా యజమాని కూడా చెరపలేని నకలు కావాలి. అమెజాన్ 2018లో అలాంటి తాళాన్ని తెచ్చింది, వీమ్ 2021లో లినక్స్ మీద. 2024లో మాత్రం వీమ్ బ్యాకప్ సర్వర్‌లోనే బయటపడ్డ ఒక లోపాన్ని రాన్సమ్‌వేర్ ముఠాలు వాడుకున్నాయి. కాపలావాడి గదిలోంచి ఇంట్లోకి దూరడం ఇది. పాత పట్టికల్లోని పేర్లు కూడా కలగాపులగమయ్యాయి. క్రైస్లర్ కోసం పుట్టిన నెట్‌బ్యాకప్ ఓపెన్‌విజన్, వెరిటాస్, సిమాంటెక్, మళ్ళీ వెరిటాస్ చేతులు మారి 2024 డిసెంబరులో కొహెసిటీ దగ్గరికి చేరింది. లెగాటో నెట్‌వర్కర్ ఈఎంసీ ద్వారా డెల్‌కి వెళ్ళింది. ఇన్ని చేతులు మారాక, పదిహేనేళ్ళ కింద రాసిన టేపుని చదవగలిగే వెర్షన్ మీ దగ్గర ఉందా అని ఒక గడి కూడా పెట్టుకోవాలి. అమాండా తలకట్టు మళ్ళీ గుర్తొస్తుంది.

వీటన్నిటినీ పోల్చుకుని ఏదో ఒకటి కొనే స్థోమత ఉండి కూడా ఏదీ పెట్టుకోని చోటు ఒకటి 2025 సెప్టెంబరు 26న బయటపడింది. దక్షిణ కొరియాలో డేజాన్ ఊళ్ళో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు తరలిస్తూంటే మంటలంటుకున్నాయి. ఉద్యోగులు తమ పని కాగితాలు దాచుకునే జీ-డ్రైవ్ అనే నిల్వ పూర్తిగా కాలిపోయింది. తలా 30 గిగాబైట్లు ఇచ్చారు, మొత్తం 858 టెరాబైట్లు. బయట ఎక్కడా నకలు లేదు. ఇంత పెద్దదానికి బ్యాకప్ పెట్టడం కుదరలేదని అధికారులు చెప్పారు. తిరిగి తేవడానికి ఉద్యోగుల సొంత కంప్యూటర్లలో, పాత ఈమెయిళ్ళలో, అచ్చు తీసిన కాగితాల్లో వెతుక్కోవాల్సి వచ్చింది.

2021లో వచ్చిన ఎల్‌టీఓ-9 టేపు ఒక్కదానిలో, ఏమీ కుదించకుండా, 18 టెరాబైట్లు పడతాయి. 858ని 18తో భాగిస్తే నలభై ఏడూ చిల్లర. నలభై ఎనిమిది టేపులన్నమాట. ఒక్కోటీ అరచేతిలో ఇముడుతుంది, అన్నీ కలిపి ఒక బీరువాలో రెండు అరలు.